మక్కలు, సున్నం, పెద్ద గిన్నె: గ్వాదలహారాలో మా వంటింటి డైరీ

జూన్ 7, శనివారం

నోరు జారాను. అందుకే ఈ డైరీ.

మా బిల్డింగు పై అంతస్తులో ఒక పెద్దావిడ ఉంటారు, డెబ్బై దాటి ఉంటాయి, అందరూ సెన్యోరా అనే పిలుస్తారు, నేనూ అంతే. నిన్న మెట్ల మీద ఆపి, "సెప్టెంబరు 15 రాత్రి అందరం కింద బల్లలు వేసుకుని తింటాం కదా మీహో, పోయినేడు నువ్వు చిప్స్ ప్యాకెట్లు తెచ్చావు" అన్నారు. మీహో అంటే మన "బిడ్డా" లాంటిది. నవ్వుతూనే అన్నారు గానీ ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. "ఈసారి పొసోలే నేను వండుతా" అనేశాను. "డబ్బాలో మక్కలతోనా?" అని అడిగారు. "కాదు, ఎండు గింజల నుంచి" అన్నాను. ఎందుకన్నానో తెలియదు, ఎందుకంటే మెక్సికోలోని ఈ ఊరికి వచ్చి పద్నాలుగు నెలలైనా నేను ఇంట్లో వండిన మెక్సికో వంట అంటే ఆవకాడో నలిపి చేసే గ్వాకమోలె ఒక్కటే, అది కూడా వంట కింద లెక్క కాదు.

సెప్టెంబరు 16 వీళ్ల స్వాతంత్ర్య దినం. 1810లో దొలోరెస్ అనే ఊళ్లో ఇదాల్గో అనే ఫాదరీ చర్చి గంట కొట్టి జనాన్ని లేపాడు. దాని గుర్తుగా 15వ తేదీ రాత్రే గంట కొట్టడం, అరవడం, తినడం. ఆ రాత్రి చాలా ఇళ్లలో పొసోలే ఉంటుంది. పొసోలే అంటే పెద్ద పెద్ద మక్క గింజలు పువ్వుల్లా విచ్చుకునే దాకా మాంసంతో ఉడికించిన చారు, మా జలిస్కో రాష్ట్రంలో ఎండుమిర్చి రసంతో ఎర్రగా చేస్తారు.

లెక్క వేశాను, ఇవాళ్టి నుంచి సరిగ్గా వంద రోజులు. షరతులు నాకు నేనే పెట్టుకున్నాను: డబ్బా మక్కలు వద్దు, రెడీమేడ్ పిండి వద్దు. మా ఆవిడది గుడివాడ, ఆమెకు ఇవి మొక్కజొన్నలు. నాది కరీంనగర్, నాకు మక్కలు. ఈ డైరీ నాది కాబట్టి మక్కలే.

జూన్ 8

మెర్కాదో దె ఆబాస్తొస్ అని ఇక్కడ పెద్ద హోల్‌సేల్ మార్కెట్ ఉంది. వెళ్లి అరగంట దారి తప్పి రెండు రకాల మక్కలు తెచ్చాను. రొట్టెలకు మామూలు తెల్ల మక్కలు, పొసోలేకి కకవసింత్లె అనే రకం. ఈ రెండోది ఒక్కో గింజా బొటనవేలి గోరంత ఉంది, గిల్లితే లోపలంతా మెత్తని పిండి.

టమాటా కూడా కొందామని "తొమాతె" అని అడిగితే కాగితం లాంటి పొట్టు ఉన్న పుల్లటి పచ్చకాయలు తూచి ఇచ్చాడు. ఇక్కడ ఎర్ర టమాటా "హితొమాతె". తొమాతె అంటే ఆ పచ్చకాయ. పద్నాలుగు నెలలు సూపర్ మార్కెట్‌లో మాట్లాడకుండా ఏరుకున్న ఫలితం ఇది.

జూన్ 14

మక్కల్ని నేరుగా నీళ్లలో ఉడకబెట్టి రుబ్బితే రొట్టె రాదు, ముద్ద అతుక్కోదు. సున్నం నీళ్లలో ఉడికించి, రాత్రంతా అందులోనే నానబెట్టి, పొద్దున్నే కడిగి పొట్టు తీయాలి. అలా తయారైన గింజల్ని నిక్స్తమాల్ అంటారు. నవాత్ల్ అనే ఇక్కడి పాత ఆదివాసీ భాషలో నెష్త్లి అంటే బూడిద, తమల్లి అంటే ఉడికించిన మక్కపిండి ముద్ద, ఆ రెండూ కలిసిన మాట ఇది.

అమ్మకు వీడియో కాల్‌లో చెబితే, "మక్కలల్ల సున్నమేంది బిడ్డా, గోడకేస్తరు సున్నం" అని నవ్వింది. "పాన్‌లో వేసుకుంటావు కదా" అంటే "అది గింతంత" అని చిటికెన వేలి కొస చూపించింది. నిజానికి ఇదీ గింతంతే. కిలో మక్కలకు 10 గ్రాముల సున్నం, 3 లీటర్ల నీళ్లు.

నేను మాత్రం ముందు గోడ సున్నం దగ్గరికే వెళ్లాను. రంగులు, మేకులు అమ్మే కొట్లో "కాల్" అని అడిగితే ఒక సంచి చేతికిచ్చాడు. మెట్లెక్కుతుంటే సెన్యోరా చూసి, ఇల్లు కడుతున్నావా అని అడిగి, తన వంటింట్లోంచి తినే సున్నం పొట్లం తెచ్చిచ్చారు. ఆ సంచి ఇంకా బాల్కనీలోనే ఉంది, ఎవరికైనా గోడ ఉంటే చెప్పండి.

మొదటి ఘానం పాడైంది. తప్పు నాదే. మన చేతికి కుక్కర్ అలవాటు కదా, ఐదు కూతలు పెట్టాను. మూత తీస్తే గింజలు చిదిమితే చిదిగిపోతున్నాయి, పొద్దున కడిగేసరికి సగం పొట్టుతో పాటు సింకులోకి పోయాయి, మిగిలింది రుబ్బితే బంక. కుక్కర్ అసలు వద్దు. సన్న మంట మీద, నీళ్లు తెర్లీ తెర్లకుండా, ముప్పై నలభై నిమిషాలు. ఒక గింజ తీసి వేళ్ల మధ్య నలిపితే పై పొర జారాలి, కొరికితే లోపల ఇంకా గట్టిగా తెల్లగా ఉండాలి. అక్కడ ఆపేసి మూత పెట్టి నిద్రపోవాలి. మిగతా పని నానడమే చేస్తుంది.

జూన్ 15

రెండో ఘానం కుదిరింది. పొద్దున మూత తీయగానే వచ్చిన వాసన గురించి రాయాలి. తడి మట్టి, కొత్తగా సున్నం వేసిన గోడ, ఉడికిన మక్క కంకి మూడూ కలిస్తే ఎలా ఉంటుందో అలా. ఇక్కడి వీధుల్లో పొద్దున్నే రొట్టెల కొట్ల ముందు నడుస్తుంటే వచ్చే వాసన ఇదే, ఇన్నాళ్లూ అది రొట్టె వాసన అనుకున్నాను, కాదు, సున్నం తగిలిన మక్కలది. పసుపుపచ్చగా మారిన ఆ నీళ్లను నెహయోతె అంటారు. పారబోసి గింజల్ని అరచేతుల మధ్య రుద్ది కడిగితే పొట్టంతా పోయింది.

సున్నం పొట్టు తీయడానికే అనుకున్నాను. దాని పెద్ద పని వేరే. మక్కల్లో నియాసిన్ అనే విటమిన్ ఉంటుంది గానీ మన ఒంటికి అందకుండా కట్టేసి ఉంటుంది, ఆ కట్టు విప్పేది సున్నమే. కొలంబస్ తర్వాత మక్కలు యూరప్‌కు వెళ్లాయి గానీ ఈ పద్ధతి వాటితో వెళ్లలేదు. ఇటలీ ఉత్తరాన, తర్వాత అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో, మక్కలే ప్రధానంగా తిన్న పేదలు ఆ విటమిన్ అందక వచ్చే పెల్లాగ్రా అనే జబ్బుతో తీసుకున్నారు, చర్మం పగిలి, మతి చెడి చచ్చిపోయారు. వేల ఏళ్లుగా మక్కలే తిన్న మెక్సికో ఇళ్లలో ఆ బాధ అంతగా లేదు. మన దక్కన్‌లోనూ పెల్లాగ్రా ఉండేది, జొన్నల మీదే బతికిన పేద ఇళ్లలో. హైదరాబాదు పోషకాహార పరిశోధన సంస్థలో గోపాలన్, శ్రీకాంతియా దాని మీద పనిచేసి 1960లో పేపర్ రాశారు. మా నాయనమ్మ గటక తిన్న తరం. ఈ సంగతి చదివాక కాసేపు వేరే పని తోచలేదు.

జూన్ 22

రుబ్బడం. ఈ వారమంతా ఇదే తలనొప్పి.

కరీంనగర్ నుంచి తెచ్చిన మిక్సీ మన 230 వోల్టులది, ఇక్కడ ఇచ్చేది 127. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి పెట్టి నడుపుతున్నాం, చట్నీకి సరిపోతుంది. నిక్స్తమాల్ వేసి తిప్పితే మిక్సీ మూలిగింది, ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కి కాలిన వాసన వచ్చింది, మా ఆవిడ వచ్చి ప్లగ్గు పీకేసింది. నీళ్లు పోస్తే తిరుగుతుంది గానీ అప్పుడు దోసెపిండి వస్తుంది, రొట్టె ముద్ద రాదు. అసలు చిక్కంతా అదే. నీళ్లు లేకుండా మెత్తగా రావాలి, అది బ్లేడు చేసే పని కాదు, రాయి చేసే పని.

ఇక్కడ దానికి మెతాతే అనే రాయి ఉంది. మన సన్నికల్లే, ఒక వైపు వాలుగా మూడు కాళ్ల మీద నిలబడి ఉంటుంది, పొత్రం లాంటి రాయితో మోకాళ్ల మీద కూర్చుని నూరతారు. చట్నీల రోలు వేరే, అది మొల్కహేతే, నల్లటి అగ్నిశిల. 2010లో మెక్సికో సంప్రదాయ వంటను యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఆ వివరణలో మక్కలకు సున్నం పెట్టడంతో పాటు ఈ రుబ్బురాళ్లు, రోళ్లూ ఉన్నాయి. మన సన్నికల్లు మాత్రం ఇప్పుడు పెళ్లిలో తొక్కడానికే మిగిలింది.

మెతాతే మీద ఒక పావుకిలో నూరాను. నలభై నిమిషాలు, నడుము పోయింది. మర్నాడు సెన్యోరా చెప్పిన మొలీనోకి వెళ్లాను, అంటే పిండిమర, కాకపోతే తడి గింజలది. చేతిలో బకెట్లతో నలుగురు ఆడవాళ్లు వరసలో ఉన్నారు, వాళ్ల వెనక నేను నిలబడ్డాను. మరాయన నా బకెట్‌లో చెయ్యి పెట్టి ఒక గింజ కొరికి చూసి, ఏమీ అనకుండా తలూపి రాళ్ల మధ్య పోశాడు. ఆ తలూపడం నాకు ఆఫీసులో వచ్చిన ఏ రేటింగ్ కన్నా ఎక్కువ. రెండు నిమిషాల్లో వెచ్చటి ముద్ద బయటికొచ్చింది. వీళ్లు దాన్ని మాసా అంటారు.

జూలై 5

తోర్తీయా పొంగడం లేదు.

హైదరాబాదులో టోర్టిల్లా అని గోధుమపిండి రొట్టెను తిన్నవాళ్లకు ముందు ఒక మాట. గోధుమవి ఉత్తర మెక్సికోలో, సొనోరా వైపు తింటారు, అవీ బాగుంటాయి, కానీ ఇక్కడ మధ్య, దక్షిణ ప్రాంతాల్లో తోర్తీయా అంటే మక్కదే. 30 గ్రాముల ఉండ, రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య పెట్టి ప్రెస్సుతో నొక్కి, కాగిన కోమాల్ అనే పెనం మీద వేయాలి. నావి జొన్నరొట్టెల్లా వస్తున్నాయి. మంచి జొన్నరొట్టెలు, అమ్మ చూస్తే మెచ్చుకుంటుంది, కానీ ఇవి జొన్నరొట్టెలు కాకూడదు కదా.

జూలై 13

పొంగింది! పద్నాలుగోది.

తప్పు రెండు చోట్ల. ఒకటి, ముద్ద పొడిగా ఉంది. ఉండను నొక్కితే అంచులు పగులుతుంటే తడి చాలదు, ప్లాస్టిక్‌కు అంటుకుంటుంటే ఎక్కువైంది, ఈ రెండింటి మధ్య చెవి తమ్మెంత మెత్తదనం దగ్గర ఆగాలి. రెండోది, తిప్పే లెక్క. మొదటి వైపు పదిహేను ఇరవై సెకన్లే, అంచు పెనాన్ని వదలగానే తిప్పేయాలి. రెండో వైపు నిమిషం దాకా ఉంచాలి. మళ్లీ తిప్పి వేలితో మధ్యలో చిన్నగా తడితే పుల్కాలా లేస్తుంది. నేను మొదటి వైపే నిమిషం కాలుస్తున్నాను, పొర గట్టిపడి ఆవిరికి లేపడానికి ఏమీ మిగలడం లేదు.

సెన్యోరాకు నాలుగు గుడ్డలో చుట్టి పంపాను. "రొట్టె పొంగింది కాబట్టి ఇక నీకు పెళ్లి చేయొచ్చు" అని కబురొచ్చింది, ఇక్కడ వంట నేర్చుకునే పిల్లల్ని అలా ఆటపట్టిస్తారట. మా ఆవిడ విని, ఈయనకు ఒకటి చాలని చెప్పండి అంది.

జూలై 20

చిన్న సంగతులు రెండు. మార్కెట్‌లో ముళ్లు గీరేసిన నాగజెముడు ఆకులు కట్టలు కట్టి అమ్ముతున్నారు. నోపాల్ అంటారు. మా ఊళ్లో చేను గట్టుకు కంచెగా పెరిగేది, మేకలు కూడా ముట్టేవి కావు. ముక్కలు కోసి ఉప్పేసి మూత లేకుండా వేయిస్తే బెండకాయలాగే జిగురు వచ్చి, వచ్చినట్టే ఇగిరిపోతుంది, పుల్లగా బాగుంది.

రెండోది, ప్రతి కొట్లోనూ బస్తాల్లో ఉన్న ఎర్ర ఎండు పూలు. హమాయ్కా అంటారు, చల్లటి పానీయం చేస్తారు. నోట్లో వేసుకుంటే గోంగూర! నిజంగానే ఎర్ర గోంగూర చెట్టు కాయల మీది రేకులే అవి. ఏడాదికి పైగా గోంగూర లేదని ఏడుస్తూ ఆ బస్తాల పక్కనుంచే నడిచాం. వాటితో పచ్చడి చేసింది మా ఆవిడ. ఈ ప్రాజెక్టులో ఇంట్లో అందరూ ఒప్పుకున్న మొదటి విజయం ఇదే, అదీ నాది కాదు.

ఆగస్టు 2

ఇవాళ అవమానం జరిగింది, వివరంగా రాస్తాను.

పొసోలే రసానికి గ్వాహియో, ఆంచో అనే ఎండుమిరపకాయలు కావాలి. ఆంచో అంటే పొబ్లానో కాయ పండి ఎండినది, అరచేయంత వెడల్పు, ముడతలు పడి ఎండు ఖర్జూరంలా నల్లగా ఉంటుంది. గ్వాహియో పొడుగ్గా, నునుపుగా, మెరుస్తూ ఉంటుంది. ఇక్కడ పచ్చికాయకు ఒక పేరు, అదే ఎండితే ఇంకో పేరు, హలపేనో పండి పొగబెట్టాక చిపోత్లె, చిలాకా ఎండితే పసీయా. రెండూ నమిలి చూశాను. కారం లేదు. అంటే మన లెక్కలో లేదు. మంటను కొలిచే స్కోవిల్ అంకెల్లో ఆంచో వెయ్యి రెండు వేలు, గుంటూరు సన్నం ముప్పై అయిదు వేల పైమాట. గుంటూరుకు దగ్గర్లోనే పుట్టిన ఆవిడ ఇంట్లో ఉండగా ఈ చప్పిడి కాయలేంటి అని, రసం చేశాక రెండు చెంచాల ఇంటి కారం కలిపాను. రంగు అదిరింది. ఘాటు అదిరింది. గర్వంగా పైకి తీసుకెళ్లాను.

సెన్యోరా ఒక చెంచా తాగారు. కళ్లలో నీళ్లు తిరిగాయి, మర్యాదకు ఇంకో చెంచా తాగారు. తర్వాత, "పీకా, పెరో నో సాబె ఆ నాదా" అన్నారు. మండుతోంది గానీ రుచి మాత్రం ఏమీ లేదు, అని.

కిందికొచ్చి చాలాసేపు కూర్చున్నాను. మనకు కారం అంటే ఆ మంటా కారమే, ఆ పొడీ కారమే. వీళ్లకు చీలే అంటే కాయ, పికాంతె అంటే మంట, రెండూ వేరు. కాయను కొనేది దాని వాసనకు, తీపికి, కొంచెం చేదుకు, రంగుకు, చిక్కదనానికి. మంట కావాలంటే దానికి వేరే కాయ ఉంది, చీలే దె ఆర్బొల్, సన్నగా ఎర్రగా అచ్చం మన ఎండుమిర్చిలా ఉంటుంది, దాన్ని విడిగా నూరి బల్ల మీద పెడతారు, ఎవరికి కావాల్సినంత వాళ్లు వేసుకుంటారు. గిన్నెలో రుచి, బల్ల మీద మంట. అసలు మిరప పుట్టిల్లే ఈ దేశం. పోర్చుగీసువాళ్లు ఓడల్లో తెచ్చేదాకా మన ఘాటు ఎక్కువగా మిరియాలదే, మిరపకాయ అన్న పేరు కూడా మిరియం నుంచే వచ్చింది. నేను సంతకొచ్చి సరుకు పండించినవాడికే ఆ సరుకు గురించి పాఠం చెప్పాను.

ఆగస్టు 3

మళ్లీ చేశాను, ఆవిడ పక్కన నిలబడి చూస్తుండగా. గ్వాహియో పన్నెండు, ఆంచో నాలుగు. తొడిమ తీసి, చీల్చి, గింజలు, ఈనెలు తీసేయాలి. కోమాల్ మీద గరిటెతో నొక్కి ఒక్కో వైపు కొన్ని సెకన్లు, వాసన లేవగానే తీసేయాలి. ఒకటి నల్లబడితే అది పారేయాల్సిందే, లేకపోతే గిన్నెడు రసం చేదెక్కుతుంది. నేను రెండు మాడ్చాను, ఆవిడే తీసి చెత్తలో వేశారు. వేడినీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి, వెల్లుల్లి, ఉల్లి ముక్క, ఒరేగానోతో మెత్తగా తిప్పి, జల్లెడ పట్టాలి. ఇక్కడి ఒరేగానో ఇటలీది కాదు, వేరే మొక్క, నిమ్మ వాసన ఉంటుంది. చివరికి చెంచా నూనె వేడి చేసి రసాన్ని అందులో పోసి, చుయ్యిమన్నాక చిక్కబడే దాకా వేయించాలి. ఇటుక రంగు రసం ముదురెరుపుకు తిరుగుతుంది. మనం తాలింపు చివర్లో వేస్తాం, వీళ్లు రసాన్నే తాలింపులో వేస్తారు.

ఈసారి వాసన చూశాను. ఎండు ద్రాక్ష, పొగాకు, చింతపండు, వీటన్నిటి వెనక ఎక్కడో మిరపకాయ.

ఆగస్టు 17

మధ్యలో ఒక పక్క దారి. బిర్రియా.

ఇది జలిస్కోదే, మేకమాంసంతో చేస్తారు. ఆవుమాంసంతో, చీజు పెట్టిన టాకోల్లో ఈ మధ్య ఫోన్లలో తిరుగుతున్నది దీని చుట్టమే గానీ ఇది కాదు. మాకు మేక అంటే ఇక చెప్పక్కర్లేదు. అవే ఎండుమిరపకాయలు, వెనిగర్, లవంగం, దాల్చిన చెక్క, జీలకర్ర, మిరియాలు, బిరియానీ ఆకు, అన్నీ నూరి మూడు కిలోల మాంసానికి పట్టించి రాత్రంతా ఉంచాను. పొద్దున గిన్నె మూత చుట్టూ గాలి పోకుండా మాసా ముద్ద అతికించి సన్న మంట మీద నాలుగు గంటలు. ముద్ద అతికిస్తుంటే మా ఆవిడ చూసి, "ఇది దమ్ కదా" అంది. దమ్మే. హైదరాబాదులో గోధుమ ముద్ద, ఇక్కడ మక్క ముద్ద, అంతే తేడా. బిర్రియా అన్న మాటకు స్పానిష్‌లో పనికిమాలినది అన్న అర్థం కూడా ఉంది, ఎవడు పెట్టాడో ఆ పేరు.

ఆరుగురం తిన్నాం, రెండు కిలోల మాసా అయిపోయింది. ఇంతకు మించి రాయను, ఎముక కూడా మిగల్లేదు.

ఆగస్టు 30

మోలె చేయబోయి మానుకున్నాను. ప్వెబ్లా వాళ్ల మోలెలో నాలుగు రకాల ఎండుమిరపకాయలు, నువ్వులు, బాదం, పల్లీలు, ఎండు ద్రాక్ష, అరటి, మాడ్చిన రొట్టె, లవంగం, దాల్చిన చెక్క, చాక్లెట్, దేనికది విడిగా వేయించాలి. తొమ్మిదో వస్తువు దగ్గర నువ్వులు మాడాయి. సెన్యోరా పెద్దగా నవ్వి, తాను కూడా ముద్ద మార్కెట్‌లో తూకానికే కొంటానన్నారు, ఇక్కడ చాలామంది అంతేనట. పచ్చళ్లు కొట్లో కొనుక్కుని ఇంటి పచ్చడి గొప్ప గురించి మాట్లాడే జాతి మనదొక్కటే కాదన్నమాట. మోలె అంటే నవాత్ల్‌లో మోల్లి, పచ్చడో పులుసో అలాంటిది. ఆ లెక్కన గ్వాకమోలె అంటే అక్షరాలా ఆవకాడో పచ్చడి.

సెప్టెంబరు 6

పొసోలే ట్రయల్, పావుకిలో కకవసింత్లెతో. పాఠం ఒక్కటే: ముక్కులు తీయాలి. సున్నంలో ఉడికి పొట్టు పోయాక కూడా ప్రతి గింజ అడుగునా కంకికి అతుక్కునే చోట చిన్న గట్టి టోపీ ఉంటుంది. అది గోటితో గిల్లేస్తేనే గింజ పువ్వులా విచ్చుకుంటుంది. బద్ధకించి సగం గింజలకు తీయలేదు, ఆ సగం బఠాణీల్లా మూసుకునే ఉన్నాయి. ఉప్పు కూడా గింజ విచ్చాకే వేయాలట, ముందే వేస్తే బిగుసుకుంటుందని సెన్యోరా మాట. ఊరు 1,500 మీటర్ల పైన ఉండటంతో నీళ్లు 95 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అందుకే ఏదైనా ఉడకడానికి మన ఊళ్లో కన్నా ఆలస్యం. నాలుగు గంటలు పట్టింది.

సెప్టెంబరు 14, ఆదివారం

రెండు కిలోలు. నిన్న సాయంత్రం సున్నం పెట్టాను, ఇవాళ పొద్దున కడిగాం. నేను, మా ఆవిడ, మా పాప, సెన్యోరా బల్ల చుట్టూ కూర్చుని మూడు గంటలు ముక్కులు గిల్లాం. చిక్కుడుకాయ ఈనెలు తీసినట్టే, చేతులు వాటి పని అవి చేస్తుంటాయి, నోరు దాని పని అది. పాప స్కూల్లో స్పానిష్ నేర్చుకుంది కాబట్టి మధ్యలో దుబాసీ తనే, నేను చెప్పనివి కూడా చెబుతోందని నాకు అనుమానం.

మాంసం గురించి చిన్న తగవు. పంది తలకాయ లేకుండా పొసోలే ఏంటని ఆవిడ. మా ఇంట్లో పంది వండరని మేము. చివరికి గింజల్ని రెండు భాగాలు చేశాం, ఆవిడ వంటింట్లో పందిమాంసం గిన్నె, మా వంటింట్లో కోడి గిన్నె. ఎర్ర రసం మాత్రం మొత్తం నేనే చేశాను. ఒక్క కాయ కూడా మాడలేదు.

సెప్టెంబరు 15, రాత్రి

చినుకులు పడ్డాయి, బల్లలు మెట్ల కిందికి జరిపారు. పొసోలే గిన్నెలో ఎర్రగా, గింజలు తెల్లటి పువ్వుల్లా పైకి తేలుతూ. పక్కన పళ్లాల్లో సన్నగా తరిగిన లెట్యూస్, ముల్లంగి చక్రాలు, ఉల్లి, నిమ్మ, ఒరేగానో, గట్టిగా వేయించిన రొట్టెలు. వేడి చారులో పచ్చి ముల్లంగి ఏంటని మొదట్లో అనుకునేవాణ్ణి, ఆ కరకర లేకపోతే ఇది సగమే. మంట కావాల్సినవాళ్లకు ఆర్బొల్ పచ్చడి విడిగా. దాని పక్కనే చిన్న గిన్నెలో గుంటూరు కారం పెట్టాను, పట్టుదల అనుకోండి.

కింది అంతస్తాయన తిన్నాక ఇంకో గిన్నె పోయమన్నాడు, ఎవరు చేశారని అడగలేదు. సెన్యోరా చేశారనుకున్నాడట! కాసేపు టెన్షన్‌గా తిరిగిన నాకు ఆ మాటతో ఆకలేసింది. కోడి గిన్నె ముందు ఖాళీ అయింది, అది రుచి వల్లో, మా గిన్నె చిన్నది కావడం వల్లో చెప్పలేను. సెన్యోరా కారం గిన్నె చేతిలోకి తీసుకుని వాసన చూసి, పొసోలే వైపు కన్నెత్తి కూడా చూడకుండా, కీర దోసకాయ ముక్కల మీద నిమ్మ పిండి దాన్ని చల్లారు. ఒకటి తిన్నారు. ఇంకోటి తిన్నారు. "దీని చోటు ఇది" అన్నారు. గిన్నె తన దగ్గరే పెట్టుకున్నారు.

సెప్టెంబరు 21

అమ్మ ఫోన్. ఫోటోలు చూసిందట, కిలో మక్కలకు సున్నం ఎంత అని అడిగింది. పది గ్రాములన్నాను, పొడి సున్నం లెక్క అది, నీ డబ్బీలోది తడి ముద్ద కాబట్టి ఇంకొంచెం పడుతుందన్నాను. ఇంటి మక్కలే వాడిందట, పసుపు హైబ్రిడ్ రకం, గింజ రాయిలా ఉంటుంది. రాత్రికి మళ్లీ ఫోన్. "పొట్టు ఊడుతలేదు బిడ్డా." ఇంకో పావుగంట ఉంచమన్నాను. కుక్కర్ ముట్టుకోవద్దన్నాను.

"పెట్టిన" అంది.